దాచిన ఆయాసం

లిఫ్టు కుయ్యిమంటే చాలు, లోపలున్న వాళ్ళందరూ కాటాయన వైపే చూస్తారు. అప్పటికే అందులో జనం కిక్కిరిసి ఉండొచ్చు, మూలన ఒకాయన సిమెంటు బస్తా అంత సంచి పట్టుకుని ఉండొచ్చు. అయినా దిగాల్సింది మాత్రం ఈయనే. బరువు వ్యవహారమే అంత. ఆఖరున కాలు పెట్టినవాడి మీదే నేరం పడుతుంది.

అందుకని కాటాయన ఎన్నో ఏళ్ళుగా లిఫ్టుల జోలికి పోవడం మానేశాడు. మెట్లెక్కుతాడు. దానికో పద్ధతి ఉంది. నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ మలుపు దాకా ఎక్కుతాడు. మలుపులో జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించుకుంటాడు. "ఊఁ" అంటాడు. కాసేపాగి మళ్ళీ "ఊఁ". ఆయాసంలో మనిషి అనగలిగిన మాట అదొక్కటే కదా. అవతల ఎవరూ ఉండరు. పక్కనుంచి పోయేవాళ్ళకి మాత్రం, ఎవరో పెద్దమనిషి మెట్ల మీద నిలబడి ముఖ్యమైన సంగతి వింటున్నట్టు కనిపిస్తుంది. రొప్పు తగ్గాక "సరే, ఉంటాను" అని ఫోన్ జేబులో పడేసి మిగతా మెట్లెక్కుతాడు.

ఈ విద్య ఆయనకి చిన్నప్పుడే అబ్బింది. బళ్ళో పరుగు పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చి, మైదానం చివర రొప్పుతూ నిలబడితే, పిల్లలంతా రైలింజనొచ్చిందని చుట్టూ మూగి చుక్ చుక్‌మన్నారు. ఆ గుంపులో చెల్లెలు కూడా ఉంది. చిన్నపిల్ల. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది, అంతే. ఆ నవ్వు ఆమెకి గుర్తు కూడా లేదు. ఆయనకి మాత్రం ఆ రోజు మూతపడ్డ నోరు మళ్ళీ తెరుచుకోలేదు.

ఇప్పుడు ఆ చెల్లెలికే కిడ్నీ కావాలి.

రోజు విడిచి రోజు ఆస్పత్రిలో పడుకుని రక్తం కడిగించుకుంటోంది. మొగుడి గ్రూపు కలవలేదు. పిల్లలు చిన్నవాళ్ళు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. అన్నయ్యది మాత్రం అచ్చు గుద్దినట్టు కలిసింది. ఆ సంగతి తెలిసిన రోజు కాటాయనకి లోపల కలిగిన సంతోషం బయటికి చెప్పుకునేది కాదు. చెల్లెలు చావుబతుకుల్లో ఉంటే సంతోషమేమిటని ఎవరైనా గడ్డి పెడతారు. కానీ ఉన్నమాట అది. ఈ ఒళ్ళు ఇన్నేళ్ళలో ఎవరికీ అక్కరకు రాలేదు. బస్సులో పక్కవాడికి ఇరుకు, దర్జీకి గుడ్డ దండగ, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి తలనొప్పి. అలాంటి ఒంట్లో పిడికెడు ముక్క ఒకరి ప్రాణం నిలబెడుతుందట. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో తన పొట్ట వైపు మొదటిసారి కాస్త మర్యాదగా చూసుకున్నాడు.

అయితే మత్తు డాక్టరమ్మ అడ్డం పడింది. ఆవిడది మొండితనం అనడానికి లేదు, ఆవిడ భయం ఆవిడది.

"ఇంత బరువున్న మనిషికి మత్తిచ్చి, ఉన్న రెండింట్లో ఒకటి తీసెయ్యాలంటే, మీ గుండె, ఊపిరితిత్తులు ఎంత పని తట్టుకుంటాయో ముందు నాకు తెలియాలి" అంది. "సైకిల్ పరీక్ష చేయిద్దాం. బాగుంటే నాకే అభ్యంతరం లేదు. బాగోకపోతే మాత్రం ఒప్పుకోను. ఒకరిని బతికించబోయి ఇంకొకరిని పోగొట్టుకోలేం కదండీ."

మొత్తానికి చెల్లెలి ప్రాణం కాటాయన ఊపిరి మీదికొచ్చింది.

ఆయనకి కాటాయన అని పేరు ఉద్యోగాన్ని బట్టి వచ్చింది. ఊరి చివర లారీలు తూచే వేబ్రిడ్జిలో పగటి డ్యూటీ. లారీల ఎత్తుకి సరిపడా కట్టిన పైగది, దానికి నిటారుగా ఇనప మెట్లు, లోపల ఒక కుర్చీ, ఒక కిటికీ. లారీ కాటా మీదికెక్కుతుంది. అంకెలు కాసేపు ఊగిసలాడి నిలబడతాయి. చీటీ కిటికీలోంచి బయటికి పోతుంది, ఒక చెయ్యి దాన్ని అందుకుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయనకి కనిపించే మనుషులు చేతులే. ముందు చక్రం బెత్తెడు బయటికి పెట్టి బరువు దాచే డ్రైవర్లని ఇట్టే పట్టేస్తాడని ఆయనకి పేరుంది. అందుకు కక్షగా వాళ్ళు ఆయన్ని చాటుగా బస్తా అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కిటికీకి చెవులుండవనుకుంటారు గాని, ఉంటాయి.

రాత్రి డ్యూటీ ఆయన ఎండు పుల్లలా ఉంటాడు కాబట్టి అతనికి పుల్ల అని పేరు. పగలు బస్తా, రాత్రి పుల్ల, కాటా సరిగ్గా తూగిందని డ్రైవర్ల హాస్యం. ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే కుర్చీలో కూర్చున్నారు గాని, ఒకసారి కూడా కలిసి ఆ గదిలో నిలబడలేదు. సాయంత్రం పుల్ల వేళకే వస్తాడు. కానీ పైకి రాడు. కింద లారీ టైర్లు చూస్తూ, ఏదో వెతుక్కుంటున్నట్టు తచ్చాడుతూ, కాటాయన దిగిపోయేదాకా ఉంటాడు. పొద్దున కూడా అంతే. ముందే దిగిపోయి, కాటాయన మెట్లెక్కుతుంటే కింద నిలబడి తలెత్తి చూస్తుంటాడు. ఆ చూపు వీపున తగులుతుంటే కాటాయన ఇంకా గట్టిగా నోరు బిగించి, ఆగకుండా ఎక్కేస్తాడు. తలుపేసుకున్నాకే గోడకి ఆనుకుని నిశ్శబ్దంగా రొప్పుతాడు.

"వచ్చావా?"

"ఆఁ, వచ్చా."

వాళ్ళ స్నేహం మొత్తం అదే. ఇరుకు గదిలో లావుపాటి మనిషితో క్షణం ఉండటానికి కూడా అతనికి మనసొప్పదని కాటాయనకి అర్థమైంది. తప్పుపట్టలేదు. ఒంటరితనం కూడా చెప్పుల్లాంటిదే, కొన్నాళ్ళు కరిచాక కాలికి అలవాటైపోతుంది.

ఆస్పత్రిలో సైకిల్ పరీక్ష గదికి కిటికీల్లేవు. మధ్యలో సైకిల్, ముందుకి పోనిది. పక్కన కంప్యూటరు. టెక్నీషియనమ్మాయి జడ పైకి కట్టుకుని హడావిడిగా తిరుగుతోంది. రక్తపోటు పట్టీ ఆయన చేతికి చుడితే టపీమని ఊడిపోయింది. కాటాయన చూపు నేల మీద పడింది. ఆ పిల్ల ఒక్క మాటైనా అనకుండా బీరువాలోంచి ఇంకా పెద్దది తీసి చుట్టింది. ఛాతీ మీద బిళ్ళలు అతికించింది. ముక్కూ నోరూ కప్పేసే రబ్బరు తొడుగు మొహానికి బిగించి, తల వెనక పట్టీలు లాగింది.

"ఇది పెట్టుకుంటే మాట్లాడలేరు సార్. మీరు పీల్చేది, వదిలేది అంతా దీంట్లోంచి మిషన్‌కి పోతుంది. తొక్కుతూ ఉంటే పెడల్ బరువు మెల్లగా పెరుగుతుంది. ఎలా ఉందో ఈ అట్ట మీద వేలు పెట్టి చూపించండి. కింద 'హాయిగా ఉంది'. పైన 'ఇక నా వల్ల కాదు'. ఆ పైదాకా రావాలి మీరు."

కాటాయన తొక్కడం మొదలెట్టాడు. కాళ్ళు బాగానే ఆడాయి. అంత ఒంటిని పగలూ రాత్రీ మోసే కాళ్ళు, వాటికేం తక్కువ? చిక్కు ఊపిరి దగ్గరొచ్చింది. తన ప్రతి ఊపిరీ ఎదురుగా తెర మీద గీతలా లేచి పడుతోంది. తను డ్రైవర్ల చక్రాలు పట్టేసినట్టు ఎవరో తనని పట్టేస్తున్నట్టు అనిపించింది. బరువు పెరిగింది. ఛాతీ గాలి కోసం కొట్టుకుంటుంటే, ఆయన తనకి తెలిసిన పనే చేశాడు. తొడుగు లోపల పెదాలు బిగించాడు. పొట్టి పొట్టి ఊపిర్లు తీశాడు. ఆ పిల్ల అట్ట చూపిస్తే 'కొంచెం కష్టం' మీద పెద్దమనిషిలా వేలు పెట్టాడు. ఇంకాస్త బరువు పెరిగేసరికి, ఇక చప్పుడు బయటికొచ్చేస్తుందనిపించి, తొక్కడం ఆపేసి చెయ్యెత్తాడు.

తొడుగు తీశాక నవ్వు మొహం పెట్టి అన్నాడు, "మోకాలమ్మా."

ఆ పిల్ల తెర వంక చూసింది, ఆయన వంక చూసింది. "మోకాలా సార్?"

"అవును, మోకాలే."

మధ్యాహ్నం డాక్టరమ్మ కాయితం ముందు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "ఈ అంకె చాలదండీ. మీరు చాలినంత కష్టపడలేదని రాసుంది, మోకాలో మరోటో గాని, నిజంగా మీ ఓపిక ఎంతో దీన్నిబట్టి తేలట్లేదు. ఏదైనా సరే, దీన్ని పట్టుకుని నేను మత్తివ్వలేను. మన్నించండి."

కాటాయన ఆస్పత్రి మెట్లు దిగుతూ, పొద్దున ఎక్కేటప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడ్డ మలుపులోనే ఆగాడు. ఫోన్ తీసి నిజంగానే చెల్లెలికి చేశాడు. చెప్పాడు.

"పోనీలే అన్నయ్యా" అంది చెల్లెలు. "నీకేమన్నా అయితే నేను బతికి మాత్రం ఏం బావుకుంటాను? వేరే దారి ఏదో దొరుకుతుంది. నువ్వు మనసు పాడుచేసుకోకు. భోంచేశావా?"

వేరే దారి లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన "ఊఁ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "ఊఁ". రైలింజనని నవ్విన పిల్ల ఇప్పుడు భోంచేశావా అని అడుగుతోంది. ఆ నవ్వుకి భయపడి మూసుకున్న నోరే ఆ పిల్ల ప్రాణం తీయబోతోంది. ఆ ముక్క ఆయనకి మెట్ల మీదే తట్టింది. ఫోన్ పెట్టేసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

టెక్నీషియనమ్మాయి టీ గ్లాసుతో పైకొస్తూ ఆయన పక్కన ఆగింది.

"ఇప్పుడు ఫోన్లో మనిషి ఉన్నారు కదూ సార్?" అంది. "పొద్దున లేరు. నేను మీ వెనకే ఎక్కాను. ఫోన్ వెలగనే లేదు."

కాటాయన చేతిలో ఫోన్ జేబులో దాచుకున్నాడు. చెవులు వేడెక్కాయి.

"అప్పుడే అనుకున్నా. మీరు ఆపేశారు సార్, అలిసిపోలేదు. ఆ రెంటికీ తేడా మిషన్‌కి తెలుస్తుంది. అలిసినవాడు వదిలే గాలి వేరు. మీ గుండె ఇంకా సగం దారిలోనే ఉంది. చాలినంత కష్టపడలేదని నేనూ రాశాను. ఎందుకు కష్టపడలేదో మీరు చెప్పాలి గాని నేనెలా రాస్తాను?"

"ఒకళ్ళ ముందు రొప్పడం..." అని ఆగిపోయాడు కాటాయన. ఆ వాక్యం ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. "నా వల్ల కాదమ్మా. సిగ్గు."

ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని టీ ఊదుకుంది. "రోజంతా జనం రొప్పుతుంటే వినడమే నా ఉద్యోగం సార్. ముచ్చెమటలు పోసుకుని, చొంగ కార్చుకుని, నన్ను తిట్టుకుంటూ దిగుతారు. సన్నగా ఉన్నవాళ్ళూ అంతే. ఎవరైనా నిశ్శబ్దంగా దిగితేనే నాకు భయం. డాక్టరమ్మని నేనడుగుతాను, ఇంకోసారి చేద్దాం. కానీ మీరు దాస్తే మళ్ళీ ఇదే వస్తుంది. మీరు దాచింది నేను కొలవలేను."

రెండోసారి పరీక్షకి వెళ్ళిన రోజు కాటాయన తొడుగు పెట్టుకునే ముందు, "నవ్వొస్తే నవ్వుకో అమ్మా, ఏమీ అనుకోను" అన్నాడు. ఆ పిల్ల పట్టీ బిగిస్తూ, "నాకంత తీరికెక్కడిది సార్?" అంది.

తొక్కాడు. బరువు పెరిగింది. పోయినసారి పెదాలు బిగించిన చోటు వచ్చింది. బిగుసుకోబోయాయి కూడా. చెల్లెలు భోంచేశావా అని అడిగిన మాట గుర్తు తెచ్చుకుని బలవంతాన నోరు తెరిచాడు. మొదట ఓ కీచు బయటికొచ్చింది. తర్వాత కొలిమి తిత్తిలాంటి పెద్ద చప్పుడు, వికారంగా, గది నిండా. అది తనదేనా అని ఆయనకే అనుమానమొచ్చింది. బళ్ళో మైదానం, చుట్టూ పిల్లలు, అన్నీ మీదికొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోదామనిపించింది. కానీ ఒక స్థాయి దాటాక సిగ్గుపడటానికి కూడా ఊపిరి మిగలదు. ఉన్నదంతా కాళ్ళకే చాలట్లేదు.

"తొక్కండి సార్. ఇంకా ఉంది మీ దగ్గర. ఇంకా ఉంది. బయటికి రానివ్వండి."

అట్ట మీద ఆయన వేలు అన్నిటికన్నా పైకి పోయింది. అయినా ఇంకాస్త తొక్కాడు. ఆ తర్వాత కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

తొడుగు తీశాక చాలాసేపు అలాగే హ్యాండిల్ మీదికి వంగి రొప్పాడు. చెమటా కన్నీళ్ళూ కలిసి గడ్డం మీంచి కారుతున్నాయి. ఆ పిల్ల నవ్వలేదు. జాలిగా కూడా చూడలేదు. ఆయన మెడ మీద తడిగుడ్డ వేసి, రక్తపోటు చూసుకుంటూ పక్కనే నిలబడింది. తను రొప్పుతుంటే ఒక మనిషి పక్కన నిలబడటం ఆయనకి బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. అందుకు ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

ఈసారి డాక్టరమ్మ కాయితం రెండుసార్లు చదివింది.

"ఈ అంకెని మీ బరువుకి పంచి, కిలోకి ఇంత అని చూస్తే ఇప్పటికీ చిన్నదేనండీ. కానీ అదొక్కటే చూస్తే మీకు అన్యాయం చేసినట్టవుతుంది. మొత్తంగా మీ ఒళ్ళు లాక్కున్న ఆక్సిజన్ చూస్తే బాగుంది. గుండె చివరిదాకా తడబడలేదు. బండి భారీగా ఉంది గాని, ఇంజను మంచిది." ఆవిడ తలెత్తింది. "నేను ఒప్పుకుంటున్నాను."

ఇంజను అన్న మాటకి ఆయన ఉలిక్కిపడ్డాడు. అదే పేరు, కానీ ఈసారి ఎవరూ చుక్ చుక్‌మనలేదు.

కథ అక్కడితో సుఖాంతమైపోతే బాగుండు. కానీ ఆస్పత్రి అన్నాక ఇంకో గది, ఇంకో బల్ల, ఇంకో ప్రశ్న ఉంటాయి. చేరే రోజు చెప్పడానికి పిలిచిన పెద్ద నర్సు అడిగింది, "చెల్లెలుగారి దగ్గర వాళ్ళాయన ఉంటారు. మీ దగ్గర ఎవరుంటారు?"

"నాకెవరూ అక్కర్లేదండీ. నేను సర్దుకుంటాను."

"అలా కుదరదండీ. మనిషి తోడు లేనిదే చేర్చుకోం. పొట్ట మీద కుట్లతో మీరు ఒక్కరే లేవలేరు. లేపి కూర్చోబెట్టాలి, నడిపించాలి. మీ వాళ్ళెవరిదైనా నంబరు చెప్పండి."

మీ వాళ్ళు అని ఎక్కడడిగినా ఇన్నేళ్ళూ కాటాయన ఒక్క నంబరే చెప్పేవాడు, చెల్లెలిది. ఇప్పుడు ఆ చెల్లెలు పక్క బల్ల మీద ఉంటుంది. వేరే నంబరు నోటికి రాలేదు. "రేపు చెప్తానండీ" అని లేచాడు.

బయటికొచ్చేసరికి చెల్లెలు ఫోను. గొంతులో కొత్త ప్రాణం వచ్చినట్టుంది. "నీ దగ్గర ఎవరుంటారన్నయ్యా? పోనీ మా ఆయన్నే రెండు గదులకీ తిరగమంటాను."

"వద్దులే, నిన్ను చూసుకోనీ. నా స్నేహితుడొకడున్నాడు."

"నీకు స్నేహితుడా? ఎవరు? ఎప్పుడూ చెప్పలేదే."

"మా డ్యూటీలోనే. నీకు తెలీదులే."

అది పచ్చి అబద్ధం. మెట్ల మలుపులో ఫోన్‌కీ దీనికీ తేడా లేదని ఆయనకి తెలుసు. ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాడు. రవాణా కంపెనీలు, కాటా బాగుచేసే మెకానిక్కు, గ్యాస్ వాడు. మనిషిని అడగడమంటే మళ్ళీ నోరు తెరవడమే. ఊపిరి దాచినంత కాలం ఊపిరితో పాటు మనుషుల్ని కూడా బయటే ఆపేశానా అనుకున్నాడు. ఆలోచన అయితే వచ్చింది గాని, దానివల్ల నంబరు రాలేదుగా.

చీకటి పడకముందే వేబ్రిడ్జికి వెళ్ళాడు. ఆ రోజు ఆయనకి సెలవు, పుల్ల అప్పటికే పైగదిలో ఉన్నాడు. కాటాయన ఇనప మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. అతనికి తనంటే పడదు. అయినా తన పేరు తెలిసిన మనిషి, తన కుర్చీలో కూర్చునే మనిషి ఈ ఊళ్ళో ఇతనొక్కడే. కాదంటాడు, అంతేగా. మెట్లెక్కాడు. నోరు మూసుకోలేదు. సగంలోనే రొప్పు మొదలైంది. రానిచ్చాడు. ఆఖరి మెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ చప్పుడుకి పైన తలుపు తెరుచుకుంది.

"ఎవరూ?"

"నేనే" అందామనుకున్నాడు. మాట రాలేదు. చెయ్యెత్తాడు.

పుల్ల గబగబా కిందికొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. తను చీటీల డబ్బా తిరగేసి దానిమీద కూర్చున్నాడు. మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతున్నాయి, గది అంత ఇరుకు. కాటాయన రొప్పుతూనే, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చెల్లెలు. కిడ్నీ. తోడు కావాలి. ఎవరూ లేరు.

పుల్ల విన్నాడు. విన్నది చెల్లెలి సంగతేనా కాదా అన్నట్టు, కాటాయన ఛాతీ లేచి పడటాన్నే వింతగా చూస్తున్నాడు.

"నీకు ఆయాసమొస్తుందా?" అన్నాడు.

కాటాయన తలూపాడు.

"ఇన్నేళ్ళూ నీకు రాదనుకున్నానయ్యా. ఇంత మనిషివి, నోరు కూడా తెరవకుండా చకచకా ఎక్కేసేవాడివి. పొద్దున్నే కింద నిలబడి చూస్తూ నామీద నాకే అసహ్యమేసేది. నేను రాళ్ళ మిల్లులో దుమ్ము తాగినవాణ్ణి. నాలుగు మెట్లెక్కితే పిల్లి కూతలే. నీ ముందు ఎక్కి రొప్పాలంటే సిగ్గేసి, నువ్వు దిగిపోయేదాకా టైర్లు చూస్తూ తిరిగేవాణ్ణి." గొంతు సవరించుకున్నాడు. "లారీ టైర్లలో చూడ్డానికేముంటుంది చెప్పు?"

ఎన్ని పొద్దులు, ఎన్ని సాయంత్రాలు ఈ మెట్లకి అటొకడు ఇటొకడు నిలబడి వృథా చేశారో కాటాయనకి లెక్క కట్టబుద్ధి కాలేదు.

"నా నంబరు ఇయ్యి నర్సుకి" అన్నాడు పుల్ల. "లేపి కూర్చోబెట్టడం నా వల్ల అవుతుందో లేదో చూద్దాం. నడిపించడమంటావా, రెండడుగులకోసారి ఇద్దరం ఆగుదాం. తొందరేముంది?"

కింద లారీవాడు కాటా ఎక్కి హారన్ కొడుతున్నాడు. కిటికీ దగ్గర ఒక చెయ్యి చీటీ కోసం చాచి ఉంది. పుల్ల లేవలేదు. కాటాయన ఊపిరి ఇంకా కుదుటపడలేదు, అది కుదుటపడేదాకా అతను ఆ డబ్బా మీదే కూర్చున్నాడు.